బౌల్డరులో దీపపు పురుగులు

అమెరికాలో కొలరాడో రాష్ట్రానికి రాజధాని డెన్వరు. దానికి వాయవ్యంగా, రాకీ పర్వతాల పాదాన ఉన్న ఊరు బౌల్డరు. సముద్ర మట్టానికి 5,400 అడుగుల పైచిలుకు ఎత్తు. ఊరికి పడమట ఎర్రటి పెద్ద బండలు ఏటవాలుగా నిలిచి ఉన్నవి. నిలబెట్టిన ఇస్త్రీపెట్టెల వలె కనబడతవి గనుక వాటిని ఫ్లాటయన్స్ అంటారు, అర్థమూ అదే. యాత్రికులు ఈ బండలను చూడ వస్తారు. నేను వ్రాయదలచినది అక్కడ చూచిన మరొక వింతను గురించి.

ఇక్కడి విశ్వవిద్యాలయంలో స్టాన్ బ్రాకేజ్ అనే ఆయన 1981 నుండి చలనచిత్ర కళను బోధించినాడు. 1933లో పుట్టి 2003లో పోయినాడు. చిన్నవీ పెద్దవీ కలిపి మూడు వందలకు పైగా చిత్రాలు తీసినాడు. టాకీల కాలంలోనే తీసినా వాటిలో అత్యధికం మూకీలే. శబ్దం తోడైతే చూపు పలచబడుతుందని ఆయన నమ్మకం.

మా అమ్మాయి అక్కడ చదువుకుంటున్నది. ఒక సాయంత్రం నన్నూ మా అక్కయ్యనూ ఆయన చిత్రాల ప్రదర్శనకు తీసుకుపోయింది. అక్కయ్యది హోసూరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, తాలూకా ఆఫీసులో తమిళం, మూడూ గడగడ మాట్లాడుతుంది. బౌల్డరులో మూడూ పనికి రాలేదు. వచ్చినది మొదలు, నలుగురూ నవ్వినప్పుడు తానూ నవ్వి, ఒక మూల కూర్చునేది.

మేము చూచిన వాటిలో ఒకటి 1963 నాటి "మాత్‌లైట్". నిడివి నాలుగు నిమిషాలకు మించదు. తెల్లని తెర మీద గోధుమరంగు రెక్కలు, ఆకుల ఈనెలు, గడ్డిపోచలు ఒకదాని వెంట ఒకటి వచ్చి మాయమవుతవి. కథ లేదు, మనిషి లేడు, సంగీతం లేదు. హాలులో ఎవరిదో దగ్గు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, అంతే. ముందు వరుస కుర్రవాడొకడు కిసుక్కున నవ్వి ఊరుకున్నాడు. ఒకామె లేచి వెళ్ళిపోయింది.

దీపాలు వెలిగిన తరువాత, ప్రదర్శన నడిపిన మాస్టరు ఎవరికేమి తోచినదో చెప్పమన్నాడు. చర్చి కిటికీల రంగుటద్దాలు గుర్తుకు వచ్చినవని ఒకడు, తలనొప్పి వచ్చినదని ఒకామె, ఇది చిత్రమే కాదని ఒక పెద్దమనిషి అన్నారు. మా అమ్మాయి, "నీకేమనిపించింది, పెద్దమ్మా?" అని అడిగింది.

"దీపం పురుగులు కదే! తెల్లారి ఊడ్చి పారేస్తామే, అవే. ఈయన పారెయ్యకుండా ఎత్తి పెట్టినాడు."

అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పగా, మాస్టరు సంతోషించి, జరిగినది సరిగా అదేనన్నాడు. ఆ రోజులలో బ్రాకేజ్ చేతిలో డబ్బు లేదు. కెమెరా ముట్టకుండా, దీపాల దగ్గర చచ్చి పడిన పురుగుల రెక్కలను, పూరేకులను, గడ్డిని రెండు పారదర్శకమైన టేపుల నడుమ అతికించి, దానినే ఫిలింగా ముద్రింపించినాడు. ఈ 16 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 40 చట్రాలు. సెకనుకు 24 చట్రాల చొప్పున తెర మీద పడతవి. చట్రాని కంటె రెక్క పొడవైనప్పుడు అది ముక్కలు ముక్కలుగా కనబడి, చచ్చిన రెక్క మళ్ళీ కొట్టుకుంటున్నట్లు తోస్తుంది. దీపంలో పడి మాడే ఆ పురుగులలో తన బ్రతుకునే చూచుకున్నట్లు ఆయన తరువాత చెప్పుకున్నాడు.

తలనొప్పి వచ్చినదన్నామెను తప్పు పట్టను, నాకూ కళ్ళు చెదిరినవి. కాని ఆ కాసేపు భాష వచ్చినవారు, రానివారు అనే భేదం ఆ హాలులో లేకపోయింది. ఇంటి దీపం కింద ఏళ్ళ తరబడి ఊడ్చిన చేయికి తెలిసినది, చదువుకున్నవారికి వెంటనే తట్టలేదు.

తిరుగు బస్సులో అక్కయ్య ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నది. "అన్ని పురుగులు చచ్చేదాకా ఆయన దీపం ఎందుకు ఆర్పలేదో, అది అడగలేదేమే నువ్వు?" అని మా అమ్మాయిని కోప్పడింది.