నాది కాని గెలుపుకు చప్పట్లు



మన యవ్వనస్థుల కూడికలో ఈ మధ్య ఒక తమ్ముడు లేచి, “అయ్యగారూ, మీరు ఉప్పల్‌కు మ్యాచ్ చూడనీకి పోతరంట గదా. మేం పోతే ఇంట్ల పాపమంటరు. సినిమా పాట పాడినా పాపమే అంటరు. ఏది నిజం?” అని అడిగాడు. అందరూ నవ్వారు. అడిగిన తమ్ముడు మాత్రం నవ్వలేదు. అందుకే తీరికగా కూర్చుని ఇది రాస్తున్నాను.

అవును, పోతాను. ఏడాదికి ఒకసారి, అదీ చవక టికెట్టు దొరికితేనే. ఆదివారం మ్యాచ్ అయితే ఎటూ నాకు కుదరదు. గండిమైసమ్మ చౌరస్తాలో బస్సెక్కి సూరారం, బాలానగర్ ట్రాఫిక్ దాటుకుని సికింద్రాబాద్ చేరితే, అక్కడి నుంచి మెట్రో. నాగోల్ వైపు పోయే రైలు ఎక్కితే స్టేడియం అనే పేరుతోనే ఒక స్టేషన్ వస్తుంది. దిగేటప్పటికి ప్లాట్‌ఫారం అంతా నారింజ రంగు జెర్సీలే.

“ఫోన్‌లో ఇంకా బాగా కనిపిస్తది గదా” అంటారు మా ఇంట్లో. నిజమే. కానీ ఫోన్ మనకు బంతిని చూపిస్తుంది, మైదానాన్ని చూపించదు. పై మెట్ల మీద కూర్చుంటే మొదట బ్యాటు ఊగడం కనిపిస్తుంది, తగిలిన చప్పుడు రెప్పపాటు ఆలస్యంగా చెవిన పడుతుంది. బంతి ఎటు పోతుందో మనకు తెలిసేలోపే బౌండరీ దగ్గరి ఫీల్డరు పరుగు మొదలుపెట్టేసి ఉంటాడు. బంతి గాలిలో ఉన్న ఆ రెండు మూడు క్షణాలు వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబడతారు. ఆ నిశ్శబ్దం ఏ టీవీలోనూ రాదు.

2009 నవంబర్ 5న నేను ఆ స్టేడియంలోనే ఉన్నాను. ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ టెండూల్కర్ ఒక్కడే 175 చేశాడు. వన్డేల్లో 17 వేల పరుగులు దాటింది కూడా ఆ రాత్రే. గెలుపుకు ఇంకా ఇరవై పరుగులు కూడా లేవనగా ఔటయ్యాడు. 3 పరుగుల తేడాతో ఓడిపోయాం. నా పక్కన కూర్చున్న ముసలాయన ఎవరో నాకు తెలియదు. ఆయన పేరు అడగలేదు, కులం అడగలేదు, ఏ దేవుణ్ణి మొక్కుతాడో అడగలేదు. సచిన్ తల వంచుకుని వెనక్కి నడుస్తుంటే ఇద్దరం లేచి నిలబడి చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాం. ఓడిన రాత్రే అయినా ఇన్నేళ్ల తర్వాత దాన్ని తలచుకుంటే నాకు సంతోషమే.

ఇంకొక రాత్రి, 2025 ఏప్రిల్ 12. తెల్లారితే మట్టల ఆదివారం. మట్టలన్నీ ముందే కోయించి పెట్టి, నలుగురు పిల్లలతో కలిసి వెళ్లాను. పంజాబ్ 245 కొట్టింది. “అయిపోయింది, లాస్ట్ మెట్రోకన్నా ముందే పోదాం” అన్నాడు మావాడొకడు. అభిషేక్ శర్మ 28 పరుగుల దగ్గర క్యాచ్ ఇచ్చాడు. స్టేడియం చల్లబడింది. అంతలో అంపైర్ చెయ్యి పక్కకు చాపాడు. నో బాల్! ఔటై వెళ్లిపోవలసినవాడు 55 బంతుల్లో 141 పరుగులు చేశాడు. వంద దాటగానే జేబులోంచి ఒక కాగితం తీసి, ఇది అభిమానుల కోసమని చూపించాడు. అవతలి జట్టు కెప్టెన్ శ్రేయస్ అయ్యర్ దగ్గరికొచ్చి ఆ కాగితాన్ని తీసుకుని చదివాడు. ఓడిపోతూ కూడా ఎదుటివాడి సంతోషంలో ఏం రాసి ఉందో చూడాలనుకున్నాడు. ఆ రాత్రంతటిలో నా మనసులో నిలిచిపోయింది అదే. పొద్దున్నే గుడి గుమ్మంలో ఒక అమ్మ “అయ్యగారూ, కండ్లు ఎర్రగున్నయ్, రాత్రంతా ప్రార్థన చేసిన్రా?” అని అడిగితే, నిజం చెప్పి నవ్వించాను.

ఇక పాటల సంగతి. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య మైకులో పాట మొదలుకాగానే స్టేడియం సగం పాడుతుంది. తెలుగు రాని ఆటగాళ్లు కూడా కాలు కదుపుతారు. 2016లో మన హైదరాబాద్ జట్టుకు కప్పు తెచ్చిన కెప్టెన్ డేవిడ్ వార్నర్, 2020 లాక్‌డౌన్‌లో తన ఇంట్లో ‘బుట్ట బొమ్మ’ పాటకు డాన్స్ చేసిన వీడియో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. చావు వార్తలు తప్ప మరేమీ వినబడని ఆ రోజుల్లో ఎక్కడో ఆస్ట్రేలియాలో ఒక మనిషి మన పాటతో మనల్ని నవ్వించాడు. మన సంఘంవాళ్ల పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. అక్కడ బేస్‌బాల్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి 1908 నాటి ఒక పాట కలిసి పాడతారు. ఆటకూ పాటకూ చుట్టరికం అన్ని దేశాల్లోనూ ఉంది.

నాకు ఇష్టమైన గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారిది. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి చూస్తున్నాను. పిల్ల తప్పు పాడితే ఆయన చిన్నబుచ్చేవారు కాదు. ఎక్కడ జారిందో తానే పాడి చూపించేవారు. బాగా పాడితే తనకంటే ఎక్కువగా మురిసిపోయేవారు. 2020 సెప్టెంబర్ 25న ఆయన వెళ్లిపోయారన్న వార్త విని మా ఇంట్లో చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు.

ప్రియులారా, ఈ సంతోషంలో నాకు దొరికేది ఏమిటని చాలాసార్లు ఆలోచించాను. ఆ సిక్సర్ నేను కొట్టలేదు. ఆ పాట నేను పాడలేదు. కప్పు మా ఇంటికి రాదు. నాకేమీ రాని చోట, ఇంకొకరి చేతిలో దేవుడు పెట్టిన తలాంతును చూసి పొంగిపోవడం, అంతే. మామూలు రోజుల్లో మనకు ఇది ఎంత కష్టమో మీకు తెలుసు. పక్కింటివాళ్లు స్లాబు వేస్తే నిద్ర పట్టదు. లూకా 15లో పెద్ద కుమారుడికి ఇంట్లోంచి వాద్యాల చప్పుడు, నాట్యం వినబడ్డాయి. కానీ ఆ విందు తనది కాదని బయటే నిలబడిపోయాడు. ఇతరుల సంతోషంలో పాలు పొందమని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 12:15). స్టేడియం నాకు ఆ పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. అదే రాత్రి మా ముందు వరుసలో ఒక అబ్బాయి ఒక్క బంతి కూడా తలెత్తి చూడలేదు. ఫోన్‌లో పందెం. సిక్సర్ పడితే అందరూ గంతులేశారు, అతను తల పట్టుకున్నాడు. పందెం కాసినవాడికి ఆట కనబడదు, తన డబ్బే కనబడుతుంది. మన రాష్ట్రం 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా మన బస్తీల్లో అప్పులపాలైన ఇళ్లు ఉన్నాయి. ఈ యాప్‌ల్లో చిక్కుకున్న తమ్ముళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఏ వేళప్పుడైనా నాకు ఫోన్ చేయండి. తిట్టను. కలిసి కూర్చుని లెక్క చూద్దాం.

తల్లిదండ్రులారా, పిల్లలు మ్యాచ్‌కు పోతామంటే పాపమని ఒక్కమాటతో కొట్టిపారేయకండి. ఎవరితో పోతున్నారో, ఎంత ఖర్చవుతుందో, ఎప్పుడు తిరిగొస్తారో అడగండి. వీలైతే మీరూ వెంట వెళ్లండి. యెరూషలేము వీధుల్లో ఆడుకునే మగపిల్లలను, ఆడపిల్లలను దేవుడు ఒక దీవెనగానే చూపించాడు (జెకర్యా 8:5).

ఈ వారం ఒక పని చేద్దాం. మీ చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరికి కలిగిన మేలును తలచుకుని, అందులో మీకేమీ రాకపోయినా, వాళ్లింటికి వెళ్లి చెయ్యి పట్టుకుని సంతోషపడి రండి. అలాంటి మనసు దేవుడు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.