కెటిల్ మూత, బొగ్గు లెక్క

చిన్నప్పుడు నాకు జేమ్స్ వాట్ అంటే ఒక టీ కెటిల్. మూత టకటకమని ఎగురుతుంటే కుర్రవాడొకడు కళ్ళు విప్పార్చుకొని చూస్తున్న బొమ్మ మా వాచకంలో ఉండేది. ఆ పాఠాన్ని నాన్నగారికి గర్వంగా అప్పజెప్పాను. ఆయన బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్. డ్యూటీ దిగి వచ్చి, నూతి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ అంతా విని, "మూత లేవడం మీ అమ్మ రోజూ చూస్తూనే ఉందిరా. బొగ్గు లెక్క ఎవరు చూశారో అది చెప్పు" అన్నారు. మాస్టారు చెప్పని సంగతి నేనెక్కడ చెప్పేది?

జవాబు దొరకడానికి నాకు నలభయ్యేళ్ళు పట్టింది.

వాట్ పుట్టకముందే ఆవిరియంత్రం ఉన్నది. న్యూకామెన్ అనే ఆయన 1712లోనే ఇంగ్లండులోని ఒక బొగ్గుగనిలో దానిచేత నీళ్ళు తోడించాడు. సిలిండరులోకి ఆవిరి పంపి, అందులోనే చన్నీళ్ళు చిమ్మేవారు. ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడితే, బయటి గాలి బరువు పిస్టనును కిందికి నొక్కేది. మరుసటి ఊపుకు పంపిన ఆవిరిలో చాలా భాగం, చల్లబడిన సిలిండరును మళ్ళీ వేడెక్కించడానికే సరిపోయేది. ఒక్కొక్క అట్టు తీయగానే పెనాన్ని చన్నీళ్ళతో కడిగి, మళ్ళీ కాల్చుకున్నట్లన్నమాట! గని గట్టున బొగ్గు చవక కనుక చెల్లిపోయింది.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే వాట్ చేతికి 1763–64 చలికాలంలో ఈ యంత్రపు నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చింది. నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. మరొకరైతే బాయిలరు పెద్దది చేసి ఊరుకునేవారేమో. ఆయన ఆవిరిని కొలిచాడు. పంపినదెంత, పనికి వచ్చినదెంత, వృథా అయినదెంత అని. 1765 మే నెలలో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా ఉపాయం తట్టింది. ఆవిరిని చల్లబరచడానికి వేరే పాత్ర పెడితే, సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కదా!

తట్టడానికి ఒక పూట. యంత్రం గనిలో నడవడానికి పదకొండేళ్ళు. ఆవిరి కారిపోకుండా సిలిండరును నున్నగా తొలిచేవారు లేరు. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. పొట్టకూటికి కాలువల సర్వేలు చేసుకుంటుండగా 1773లో భార్య పోయింది. ఈ పదకొండేళ్ళ గురించి మా వాచకంలో ఒక్క వాక్యం లేదు. చివరకు బోల్టన్ భాగస్వామ్యమూ, ఫిరంగులు తొలిచే విల్కిన్సన్ యంత్రమూ కలిసివచ్చి, 1776లో వాట్ యంత్రాలు పనిలోకి దిగాయి.

నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. పాత యంత్రంకన్న ఎంత బొగ్గు ఆదా అయిందో లెక్కగట్టి, అందులో మూడోవంతు సొమ్మును బోల్టన్, వాట్‌లు రుసుముగా పుచ్చుకున్నారు. బొగ్గును ఓడల మీద తెప్పించుకొనే కార్న్‌వాల్ గనులవారికి అదీ లాభమే (తరువాత ఆ రుసుముపై రచ్చ చేశారనుకోండి). 1781లో చక్రాన్ని తిప్పే ఏర్పాటు కూడా వచ్చాక మిల్లులకు ఏటి గట్టుతో పని తప్పింది. 1785లో పాపుల్‌విక్ నూలుమిల్లుకు ఆవిరియంత్రం వచ్చింది. గుర్రాలకు అలవాటుపడిన యజమానులకు తెలిసేట్లు వాట్ 'హార్స్‌పవర్' లెక్క కట్టాడు. ఆవిరి మిల్లుల బట్ట ఓడలెక్కి వచ్చి మచిలీపట్నం నేతగాళ్ళ పొట్టకొట్టడం ఆ తరువాతి కథ.

తమాషా ఏమిటంటే, నాన్నగారి ఇంజనులో వాట్ పెట్టిన ఆ వేరే పాత్ర లేనే లేదు. ఎక్కువ ఒత్తిడిగల ఆవిరి ప్రమాదమని వాట్ దాన్ని దూరం పెట్టాడు. ఆయన పేటెంటు 1800లో ముగిశాక, 1804లో ట్రెవితిక్ ఆ ఆవిరితోనే వేల్స్‌లో పట్టాల మీద బండి నడిపాడు. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోంచి పోతూ నిప్పును రాజేస్తుంది. మనం విన్న 'చుక్ చుక్' అదే. వాట్ పట్టి దాచుకొన్న ఆవిరిని నాన్నగారి ఇంజను ఊరంతా వినబడేట్లు వదిలేది. ఆ లోటు పూడ్చింది ఆయన పార.

ఇదంతా ఆయన దగ్గర కూర్చొని చెప్పాలనుకునేసరికి ఆలస్యమైంది. అమ్మకు చెప్పాను. ఓపికగా విని, "ఆ మసి వదలడానికి నెలకెన్ని సబ్బులయ్యేవో, ఆ లెక్క నన్నడుగు" అన్నది.