పవర్ బటన్ నొక్కింది లేపడానికా, ఆర్పడానికా?

మెదక్ జిల్లా నిజాంపేటలో మా చిన్నాయనకి ఎరువుల కొట్టు ఉంది. ఉద్దెర లెక్కలన్నీ లినక్స్ ఉన్న ఓ పాత ల్యాప్‌టాప్‌లోనే. నిద్రపోయిన మిషన్ని లేపుదామని బటన్ నొక్కితే, అది లేచి, వెంటనే షట్‌డౌన్ అయిపోయేది. సేవ్ చెయ్యని పద్దులు గాయబ్! రిపేరు షాపాయన "ఎక్కువసేపు ఒత్తుంటరు" అని తేల్చేశాడు. "ఒక్కసారే ఒత్తిన బిడ్డా" అని చిన్నాయన గోల.

షాపాయన మాటలో కొంత నిజం లేకపోలేదు. 4 సెకన్లు దాటి పట్టుకుంటే హార్డ్‌వేరే కరెంటు కోసేస్తుంది. కానీ అప్పుడు ఠక్కున ఆగాలి. ఇక్కడ ప్రోగ్రాములన్నీ వరసగా మూసుకుని మరీ ఆగుతోంది. అంటే ఆర్పమని ఎవరో ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పారన్నమాట. ఎవరు?

బటన్ డ్రైవరే! 1996లో వచ్చిన ఏసీపీఐ ప్రకారం లేపడానికీ ఆర్పడానికీ ఒకే బటన్ సరిపోతుంది. నిద్రలో నొక్కిన నొక్కుని డ్రైవర్ మామూలు పవర్ కీ లాగే పైకి పంపిందనుకోండి. సిస్టమ్‌డీ లాగిన్‌డీకి ఆ కీ అందితే, డిఫాల్ట్‌గా చేసే పని పవరాఫ్. దాని తప్పేం లేదు పాపం, దానికి అందిన కబురు అదే.

పోనీ నిద్రలో వచ్చిన ఈవెంట్లన్నీ పారేద్దామా? కుదరదు. సస్పెండ్-టు-ఐడిల్‌లో మేలుకొలుపు నమోదు కాకపోతే కెర్నల్ మళ్ళీ పడుకుంటుంది. అందుకే ఇప్పటి లినక్స్ బటన్ డ్రైవర్లో ఒక చిన్న ఫ్లాగ్ ఉంది. సస్పెండ్‌కి ముందు పెడతారు, రెజ్యూమ్‌లో తీసేస్తారు. అది ఉన్నంతసేపు "లేపారు" అన్న సంగతి పవర్ మేనేజ్‌మెంట్‌కి చేరుతుంది, కీ మాత్రం పైకి వెళ్ళదు. ఇంటెల్ హిడ్ డ్రైవర్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కొత్త కెర్నల్ ఎక్కించాక చిన్నాయన బాధ తీరింది.

పవర్ కీని పట్టించుకోవద్దని కాన్ఫిగ్‌లో రాసేస్తే చాలదా అనేవాళ్ళుంటారు. అలా చేస్తే నిజంగా ఆర్పాలనుకున్నప్పుడు బటన్ పనిచెయ్యదు. తలనొప్పికి తల తీసేసినట్టు!

నా ఉద్దేశంలో ఇన్‌పుట్ అంటే ఏ కీ నొక్కారన్నదొక్కటే కాదు, ఏ స్థితిలో నొక్కారన్నది కూడా. ఆ స్థితి తెలిసేది డ్రైవర్‌కే, నొక్కే మనిషికి కాదు. మన ఆఫీసుల్లో "యూజర్ ఎర్రర్" అని టికెట్ మూసేసే ముందు, యూజర్ వేలు చెప్పినదాన్ని మన కోడ్ సరిగ్గా విన్నదో లేదో ఒక్కసారి చూస్తే బావుంటుంది. మీరేమంటారు?