చైను వాచీ లింకులు
పెళ్లిళ్ల కాలంలో మా కవితాళలో వాచీ రిపేరు బల్ల దగ్గర నిలబడితే ఎక్కువగా కనబడేది ఇదే: కొత్త అల్లుడికి పెట్టిన చైను వాచీ వదులైందని లింకులు తీయించడం. నాకు ఆ పని చూడడం చాలా ఇష్టం. లింకు లోపలివైపు సన్నటి బాణం గుర్తుంటుంది. పిన్నును ఆ దిక్కుకే కొట్టి తీయాలి, మళ్లీ ఎక్కించేది ఎదురు దిక్కు నుంచి. పిన్ను ఒక కొస చీలి ఉంటుంది, ఆ చీలిక బిగువే దాన్ని జారిపోనివ్వదు. రెండు వైపులా చూసి సమంగా తీస్తేనే లాక్ మణికట్టు కింద మధ్యలో కూర్చుంటుంది. తొందరపడి ఒకవైపే తీసేస్తుంటే మనసు ఉసూరుమంటుంది.

లక్షల ఖరీదు వాచీల్లోనూ సూత్రం ఇదే. కాకపోతే రోలెక్స్ చైనులో పిన్నుల బదులు స్క్రూలు. అందులో సబ్‌మెరైనర్ అనే మోడల్ లాక్‌నైతే లింకు తీయకుండానే 2 మిల్లీమీటర్ల చొప్పున సుమారు 20 మిల్లీమీటర్ల దాకా సాగదీసుకోవచ్చు. ఎండకు మధ్యాహ్నానికల్లా చెయ్యి ఉబ్బే మన రాయచూరు జిల్లాకే కావాలి అలాంటిది! మామూలు చైన్లలో చాలావాటికి లాక్ పక్కన చిన్న రంధ్రాలుంటాయి, స్ప్రింగు పుల్లను ఒక రంధ్రం జరిపితే చాలు. లింకు జోలికి పోకముందు అది చూడమనండి. తీసిన లింకులు మాత్రం అడిగి తెచ్చుకోండి, రేపు చెయ్యి లావెక్కితే అవే కావాలి.