చుట్ట కంపు, పైపు పరిమళం

పైపు పొగాకులో ఆరోమాటిక్ అని ఒక రకం ఉంది మిత్రులారా. వెనిలా, చెర్రీ, చాక్లెట్, రమ్ము, ఇట్లాంటి రుచులు ఆకుకు పట్టించి డబ్బాల్లో అమ్ముతారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న నా పీహెచ్‌డీ కాలం నాటి స్నేహితుడు పోయిన సంక్రాంతికి వచ్చి ఒక 50 గ్రాముల డబ్బా, తను వాడి పక్కన పడేసిన పైపు నా చేతిలో పెట్టిపోయాడు. "తెలుగు సారువి, పైపు లేకుంటే ఎట్లబ్బా" అని ఎకసెక్కం. నేను సిగరెట్టు కూడా తాగను. కానీ చుట్ట పొగలో పెరిగినోణ్ణి. చూద్దామనిపించింది.

కర్నూలులో మేముండే అద్దె ఇంటి వరండాలో, రాత్రి అన్నం తిన్నాక అంటించాను. మూత తీస్తే ఐస్‌క్రీమ్ బండి వాసన. పైపులో ఆకు కూరడం కూడా ఒక విద్యే. అడుగున వదులుగా, పైన కొంచెం బిగువుగా ఉండాలి. మూడుసార్లు ఆరిపోయింది. ఎండిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి కలుపుతారు కాబట్టి ఈ ఆకు తడితడిగా ఉంటుంది. గట్టిగా లాగితే ఆ ఆవిరికి నాలుక మండుతుంది. వెనిలా ముక్కుకు తప్ప నోటికి అందలేదు. వేడి గాలి, కాస్త తీపి, అడుగున చేదు. అంతే.

తెల్లారి ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపింది. "రాత్రి ఏం సాంబ్రాణి వేసినారు సార్, ఇల్లంతా భలే వాసన!" ఆదివారం మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే కిటికీలు మూసుకునేది కూడా ఈమే. ఏం కూర అని మా ఆవిడను ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. సాంబ్రాణి కాదమ్మా, పొగాకు అన్నాను. ఒక్క క్షణం ఆగి, "పైపు అయితే పర్వాలేదులెండి, చుట్ట అయితేనే కంపు" అన్నది.

పైపు తాగేవాళ్లకు దీనికో మాట ఉంది, ‘రూమ్ నోట్’ అని. తాగేవాడి నోటికి తెలిసే రుచి కాదది, పక్కన కూర్చున్నవాళ్ల ముక్కుకు తగిలే వాసన. ఆరోమాటిక్‌కు అంత గిరాకీ ఉండేది చాలావరకు దాని వల్లే. పక్కవాడి మెప్పు కోసం ఆకుకు అత్తరు పూయడమన్నమాట. ఆ పక్కవాడు ఎవరు, ఎవరి ముక్కును కొలతగా పెట్టుకున్నారు అన్నదే నాకు పట్టుకుంది.

మా జేజి చుట్ట తాగేది. నంద్యాల వైపు నాటు పొగాకు చేన్లకు కూలికి పోయేది. తలలు తుంచడం, పిలకలు గిల్లడం ఆడవాళ్ల పని. సాయంత్రానికి చేతులు నల్లటి బంక. మట్టి పెట్టి రుద్దినా పోదు. ముద్ద కలిపితే అన్నం చేదు. మంచు తడిసిన ఆకులో పొద్దున్నే పనిచేస్తే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. దానికి వైద్యశాస్త్రంలో పేరుందని నాకు పుస్తకాల్లో తెలిసింది. జేజి మాత్రం "ఆకు ఎక్కినాదిరా" అనేది.

కూలి డబ్బులతో పాటు రాలిన ఆకు ఇంత తెచ్చుకునేది. తనే చుట్టుకుని వక్కాకు సంచిలో పెట్టుకునేది. చేనుగలాయన ఎదురొస్తే వెలుగుతున్న చుట్టను కొంగు చాటుకు తీసేది. ఎర్ర చీరకు కాలిన చిల్లులు నాకింకా గుర్తు. వాళ్లింటికి నిప్పుకు పోతే కణిక చేతికివ్వరు, వాకిట్లో దూరంగా నేల మీదికి విసురుతారు. ఆకు తుంచింది ఈ చేతులే, ఆరబెట్టింది ఈ చేతులే. అప్పుడు లేని మైల నిప్పు కణిక దగ్గరికొచ్చేసరికి ఎక్కడి నుంచి వచ్చిందో!

ఈ రుచుల వ్యాపారంలో బర్లీ అనే రకానికి పెద్దపీట. ఆ ఆకులో చక్కెర దాదాపు ఉండదు, అందుకే ఏ పాకం పోసినా స్పంజీలాగా పీల్చుకుంటుంది. మన దగ్గర బర్లీ పండే చోట్లలో జాషువా పుట్టిన వినుకొండ ప్రాంతం ఒకటి.

చుట్టను నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు మీద 1971లో ఒక అధ్యయనం అచ్చయింది. 10,169 మంది పల్లె జనం అంగిళ్లు పరీక్షించి రాసింది. జేజి కూడా దగ్గుతోనే పోయింది. వెనిలా పూసినంత మాత్రాన పైపూ ప్రాణం పోయదు. నేను మాట్లాడుతున్నది వాసనకు మనవాళ్లు కట్టే వెల గురించి.

కడపలో పాఠం చెప్పిన రోజుల్లో కన్యాశుల్కం వచ్చేది, మనం చదివే 1909 కూర్పు. గిరీశం పొగాకుకు అమృతంతో చుట్టరికం కలిపి పద్యం చదువుతుంటే క్లాసంతా నవ్వేది. ఆయన చుట్ట హాస్యం, దర్జా. సరే, మీ ఇళ్లలో చుట్ట తాగిన ఆడవాళ్ల గురించి ఒక పేజీ రాసుకురండి అన్నాను. నలభై మందిలో పదకొండు మంది తెచ్చారు. ప్రొద్దుటూరు వైపు అమ్మాయి ఒకతె కాగితం మడిచి, క్లాసయ్యాక విడిగా వచ్చి ఇచ్చింది. వాళ్లవ్వ పాత దుప్పటి ఇప్పటికీ ఉతకలేదట, చుట్ట వాసన పోతుందని. "హాస్టల్లో ఎవరికీ చెప్పొద్దు సార్" అన్నది. పేరు లేకుండా ఎప్పుడైనా రాసుకోవచ్చా అమ్మా అని అడిగితే, కాసేపు ఆలోచించి, "ఊరు పేరు కూడా వద్దు సార్" అని ఒప్పుకుంది. అందుకే ఊరు రాయలేదు.