మోటుపల్లి రేవులో అభయం ఎవరికి దొరికింది?



ఈసారి మన నడక మోటుపల్లి. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. నలుగురు విద్యార్థులతో కలిసి చినగంజాం నుంచి కాలినడకన వెళ్లాను. దారిపొడవునా ఉప్పు మడులు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు. కాకతీయుల కాలంలో ఇక్కడ పెద్ద రేవు ఉండేదంటే పిల్లలు మొదట నమ్మలేదు. మార్కో పోలో 'ముత్‌ఫిలి' అని రాసింది ఈ పేరునే. ఒక రాణి పాలన గురించి, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడు. ఆ బట్ట నేసినవాళ్ల గురించి మాత్రం మనకేమీ తెలియదు.

ఊళ్లోని వీరభద్రాలయం మండపంలో ఒక శాసన స్తంభం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించింది. సంస్కృతమూ తెలుగూ కలిసిన ఈ శాసనాన్ని అభయ శాసనం అంటాం. తెలుగు ఎం.ఏ.లో ఇలాంటి శాసనాలను భాష కోసం చదివిస్తారు. ఏ మాట తత్సమం, ఏ మాట దేశ్యం అన్న దగ్గరే పాఠం ఆగిపోతుంది. అందులో ఏముందో చూద్దాం.

తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు. ఇకమీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకుడికే వదిలేస్తామని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ధనం ప్రాణం కంటే గొప్పదనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చేవాళ్ల మీద దయతో ఇస్తున్నానన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం 30కి 1. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు... సరుకుల జాబితా కూడా ఉంది.

మంచి శాసనమే. రాజు తన చేతులు తానే కట్టేసుకుని, ఆ సంగతి రాతి మీద చెక్కించడం చిన్న విషయం కాదు. అయితే బయటికొచ్చి నీడలో కూర్చున్నాక ఒక కుర్రాడు అడిగాడు: "మేడమ్, ఓడ మునిగితే సరుకు యజమానికి దక్కింది సరే. ఓడలో పనిచేస్తూ మునిగిపోయిన మనిషి ఇంటికి ఏం దక్కింది?"

శాసనంలో పోకచెక్కకు కూడా చోటుంది. మూట మోసినవాడికి లేదు.

తిరుగుదారిలో ఉప్పు మడుల గట్టు మీద ఇంకో అమ్మాయి మాట్లాడింది. వాళ్లమ్మ ఉప్పు పనికి వెళ్తుందట. ఎండలో తెల్లటి ఉప్పు మీద రోజంతా చూపు నిలపాలి, కాళ్లు పగుళ్లు తీస్తాయి. "వానొస్తే ఉప్పు కరిగిపోద్ది మేడమ్. పని ఉండదు, కూలీ ఉండదు." అదే తీరం, అదే తుఫాను. ఓడ వర్తకుడి నష్టానికి దాదాపు 780 ఏళ్ల కిందటే రాతి మీద హామీ ఉంది. ఈమె కూలికి మాత్రం ఈరోజుకీ నోటిమాట హామీ కూడా లేదు.

ఈ తీరానికి కాస్త లోపల, చీరాల దగ్గర కారంచేడు ఉంది. తాగే నీళ్ల చెరువును పాడుచేయొద్దన్నందుకు గొడవ మొదలైతే మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, 1985 జూలై 17న, కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హతమయ్యారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరి, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. పరాయి దేశపు ఓడకు రక్షణ రాసిచ్చిన నేల మీద సొంత ఊరివాళ్లకు రక్షణ లేకపోయింది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు దాన్ని నడిపించారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. అంటే 23 ఏళ్లు.

కారంచేడు లాంటి ఊళ్ల నెత్తురు వెనక ఉండబట్టే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నా దృష్టిలో మన అభయ శాసనం అది. రాజు దయతో ఇచ్చింది కాదు, మనవాళ్లు పోరాడి రాయించుకున్నది. రెండింటికీ అసలు తేడా అక్కడే ఉంది. దయ మీద నిలబడ్డ హామీ ఆ రాజుతోనే పోవచ్చు. హక్కును అడిగేవాళ్లు ఉన్నంతకాలం తీసేయడం కష్టం.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ చట్టంలోని 4వ సెక్షన్ చదవండి. బాధ్యత నిర్వర్తించని అధికారికి కూడా శిక్ష ఉంటుందని చెప్పేది అదే. మీరు చెప్పింది రాసుకుని, సంతకానికి ముందు మీకు చదివి వినిపించాలి. ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. రాసుకున్నదాని నకలు మీ చేతికివ్వాలి. స్టేషన్ మెట్లెక్కే ముందు మీ వాడలో పదిమందికి ఇది వినిపించండి.

ఇక సాహిత్యం చదివేవాళ్లకు ఒక మాట. ఏ శాసనం ముందు నిలబడినా రెండు ప్రశ్నలు వేయండి. ఇందులో హామీ ఎవరికి? ఎవరి చెమట గురించి ఒక్క అక్షరం కూడా లేదు? మొదటిదానికి జవాబు రాయిలో దొరుకుతుంది. రెండోదానికి ఉప్పు మడుల దాకా నడవాలి.