ప్లాస్టిక్ పెట్టా, నేనూ, ఓ టర్కీ పుంజూ

"మూడున్నరకి లేవడమేంట్రా నాన్నా, అదీ ఓ కోడి కోసం! ఇంజనీరింగ్ పరీక్షలకి ఒక్కరోజైనా అలా లేచావా?" అని అమ్మ ఫోన్లో తగులుకుంది. నిజమే, లేవలేదు. సప్లీలు రాశాను గానీ తెల్లారుజామున మాత్రం లేవలేదు.

కోడంటే మామూలు కోడి కాదు, అడవి టర్కీ కోడి. మేముండే పెన్సిల్వేనియాలో ఏటా ఏప్రిల్ చివరో మే మొదట్లోనో ఓ శనివారంనాడు వసంతకాలపు వేట మొదలవుతుంది. మా పక్కింటి పెద్దాయన రిటైరైన ఎలక్ట్రీషియన్, నలభై ఏళ్ళుగా వెళ్తున్నాడట. ఒకసారి ఆయన రౌటర్ బాగుచేసిపెట్టానని కృతజ్ఞతగా "నువ్వూ రా" అన్నాడు. సరేనని వేటగాళ్ళకి పెట్టే కోర్సు చేశాను, లైసెన్సు తీసుకున్నాను, తుపాకీ మాత్రం కొనలేదు. (వీసా మీదున్నవాళ్ళు తుపాకీ ముట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. కానీ చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఈ సంగతి చెబితే మా టీములో ఒక్కడూ నమ్మలేదు.) అందుకని నాకు దక్కిన ఉద్యోగం బొమ్మకోళ్ళ మోత. డికాయ్ అంటారే, అవి.

ఈ వేటలో నాకు నచ్చింది దాని వెనకున్న తిరకాసు. మామూలుగా పుంజు ఉన్నచోటే ఉండి అడవంతా వినబడేలా అరుస్తుంది. రెక్కలు నేలకి రాస్తూ, తోక విసనకర్రలా విప్పి షోకు చేస్తుంది. పెట్టలే దాన్ని వెతుక్కుంటూ వెళ్తాయి. వేటగాడు ఈ వ్యవహారాన్ని తిరగేస్తాడు. ఓ చెక్కపెట్టె మీద మూతని గీకి పెట్టలా కూసి, పుంజునే రమ్మంటాడు. పుంజు వస్తుంది కూడా. కానీ అరవై డెబ్భై గజాల అవతల ఆగిపోయి మెడ సాచి చూస్తుంది. పిలిచినావిడ ఏది? పిలుపు వచ్చిన చోటు దానికి అంగుళాలతో సహా తెలుసు. అక్కడ ఎవరూ కనబడకపోతే వెనక్కి తిరుగుతుంది. షాట్‌గన్‌కేమో నలభై గజాలు దాటితే లాభం లేదు. ఆ మిగిలిన ముప్ఫై గజాలు దాన్ని నడిపించడానికే బొమ్మ.

యూనిట్ టెస్టుల్లో మాక్ రాసినట్టే ఇది. అసలు డేటాబేసుకున్న హంగులన్నీ మాక్‌కి అక్కర్లేదు. అవతలి కోడు అడిగినదానికి సరైన జవాబొస్తే చాలు. (అవతలి 'కోడి' అని చదువుకున్నా ఫర్వాలేదు :))

ఇంత తెలిసీ, కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం నేను చేసింది ఏ తెలివైనవాడూ చెయ్యడు. షాపులో నాలుగు రకాలున్నాయి. మడతపెట్టే ఫోమ్‌వి చవక, తేలిక. ఫొటో అచ్చేసిన గుడ్డవి సంచిలో ఇమిడిపోతాయి గానీ పక్కనుంచి చూస్తే రేకంత పల్చన. గాలి ఊదేవి ఒక రకం. ఇక గట్టి ప్లాస్టిక్‌వి, ఈక ఈకా చెక్కినట్టుండేవి, వంద డాలర్లు దాటి పలుకుతాయి. నేను ఫోమ్‌లోనే ఓ పెట్టని తీసుకున్నాను. తల ఎత్తి, మెడ నిటారుగా పెట్టి, మహా ఠీవిగా ఉంది. పెద్దాయన దాన్ని చూసి నవ్వాడు. టర్కీ భాషలో ఆ భంగిమకి అర్థం 'ఇక్కడేదో ప్రమాదం ఉంది' అని. నేను కొన్నది పుంజుని పిలిచే పెట్టని కాదు, పారిపొమ్మని చెప్పే పెట్టని! మేత మేస్తున్నట్టు తల దించుకున్నదో, నిమ్మళంగా సగం ఎత్తినదో ఉండాలట. పైగా దానికి వేసిన రంగు ఎండలో తళతళా మెరుస్తోంది. పక్షులకి మనకంటే రంగులు బాగా తెలుస్తాయి, మనకి కనబడని అతినీలలోహిత కాంతి కూడా చూస్తాయి. అసలు ఈక అలా ప్లాస్టిక్‌లా మెరవదు. ఇది చాలదన్నట్టు రెండు వారాలు కారు డిక్కీలో పడుంది కదా, మెడ దగ్గర సొట్ట పడింది. వేణ్ణీళ్ళు పోస్తే కొంచెం లేచింది గానీ అప్పటినుంచీ అది మెడ పట్టేసినదానిలాగే ఉంది.

దాన్ని పక్కన పెట్టి మళ్ళీ షాపుకెళ్ళాం. ఈసారి తల దించిన పెట్ట ఒకటీ, జేక్ ఒకటీ తెచ్చాం. జేక్ అంటే ఏడాది వయసు కుర్ర పుంజు. నేను తోక విప్పిన పెద్ద పుంజు బొమ్మ మీద మనసుపడ్డాను. పెద్దాయన వద్దన్నాడు. అడవిలో అందరికంటే బలమైన పుంజైతే దాని మీదకి యుద్ధానికొస్తుందేమో గానీ, రెండేళ్ళ వయసువి ఇదివరకే దెబ్బలు తిని ఉంటాయి, పెద్ద పుంజుని చూడగానే చల్లగా జారుకుంటాయి. జేక్‌ని చూస్తే ఎవరికీ భయం ఉండదు. 'ఈ బచ్చాగాడికి అప్పుడే పెట్టా!' అని మండుకొస్తుంది. సంక్రాంతికి మా ఊరి బరుల దగ్గర పుంజుల్ని చూసి పెరిగినవాణ్ణి, నాకిది వెంటనే అర్థమైంది.

మనవాళ్ళకిది కొత్త విద్యేం కాదు. దీమం అని మనకో పాత మాటే ఉంది. వేటకి ఎరగా పెట్టే పెంపుడు జంతువునో పిట్టనో దీమం అనేవారు. 1972లో వన్యప్రాణుల చట్టం రాకముందు తమ చిన్నప్పుడు కౌజు పిట్టల్ని ఎలా పట్టేవారో మా తాతయ్య చెప్పేవాడు. పెంపుడు కౌజుని పంజరంలో పెట్టి చేను గట్టు మీద ఉంచి, చుట్టూ ఉచ్చులు పన్నేవారట. లోపలిది కూయగానే, నా చేలోకి ఎవడొచ్చాడ్రా అని అడవి కౌజు ఉరుక్కుంటూ వచ్చేది. అక్కడ గొంతూ ఒంటిదే, ఒళ్ళూ ఒంటిదే. ఇక్కడ గొంతు పెద్దాయన చేతిలో చెక్కపెట్టెది, ఒళ్ళు ప్లాస్టిక్‌ది. అమెరికాలోనూ బాతుల వేటకి బతికున్న బాతుల్నే ఎరగా కట్టేవారు, 1935లో దాన్ని నిషేధించారు.

ఇక బొమ్మని ఎక్కడ పెట్టాలన్నది వేరే చదువు. మనం కూర్చునే చెట్టుకి ఇరవై గజాల్లోపే పెట్టాలి. పుంజు బొమ్మకి పదో పదిహేనో గజాల అవతల ఆగిపోయినా ఇంకా అందుబాటులోనే ఉంటుంది. జేక్ మొహం మనవైపు తిప్పాలి. ఇది నాకు తలకిందులుగా అనిపించింది గానీ కారణం ఉంది. వచ్చే పుంజు దాని మొహంలో మొహం పెట్టి నిలబడుతుంది కాబట్టి దాని వీపు మనవైపుంటుంది. విప్పిన తోక దాని కళ్ళకే అడ్డం. తుపాకీ ఎత్తడానికి ఆ రెండు క్షణాలే సందు. గాలికి బొమ్మ గిరగిరా తిరక్కుండా అటూ ఇటూ రెండు పుల్లలు గుచ్చాలి. కొద్దిగా కదిలితే ప్రాణం ఉన్నట్టుంటుంది, బొంగరంలా తిరిగితే ఏ కోడీ నమ్మదు.

ఆ రోజు నేను మొదటి తప్పు చీకట్లోనే చేశాను. జేక్‌ని సంచిలో పెట్టకుండా చంకలో పెట్టుకుని నడుస్తున్నాను. పెద్దాయన టక్కున ఆగి, దాన్ని లాక్కుని సంచిలో కుక్కేశాడు. నారింజరంగు సంచి అది. అంతకుముందు ఇంటి దగ్గరే నా నీలం టీషర్టు మార్పించాడు. పుంజు తల రంగులు ఎరుపూ, తెలుపూ, నీలం. ఆ మూడూ ఒంటి మీద కనబడకూడదు. తుమ్మొచ్చినా తెల్ల రుమాలు తియ్యకూడదు. మరీ చాదస్తం అనుకున్నాను.

రెండో తప్పు బొమ్మ పెట్టడంలో. మేమున్నది పబ్లిక్ భూమి, స్టేట్ గేమ్ లాండ్స్ అంటారు, ఎవరైనా రావచ్చు. ఒకప్పుడు దుంగలు తోలిన బాట ఒకటి అక్కడ మలుపు తిరుగుతుంది. పుంజుకి దూరంనుంచే కనబడాలని జేక్‌ని సరిగ్గా ఆ మలుపుకి ఎదురుగా పెట్టాను. దాని వెనక ఇరవై గజాల్లో చెట్టుకి ఆనుకుని మేం. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పి, లేచొచ్చి చూడలేదు.

ఆరింటికి పుంజు అరిచింది. పెద్దాయన ఒకసారి గీకి ఊరుకున్నాడు. మళ్ళీ అరిచింది, ఈసారి దగ్గర్లో. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. కొమ్మల సందుల్లోంచి నల్లటి ఆకారం, తోక విప్పి, ఆగి ఆగి వస్తోంది. అరవై గజాలు. యాభై. జేక్‌ని చూసింది, తల ఎర్రబడింది. ఇంకో నిమిషం అంతే అనుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడు పెద్దాయన "హేయ్! మనుషులున్నాం!" అని అడవి దద్దరిల్లేలా అరిచాడు. పుంజు రివ్వున ఎగిరిపోయింది. ఈయనకేమైనా పిచ్చా అని అటు చూస్తే, బాట మలుపులో ఒకతను మోకాళ్ళ మీద, తుపాకీ భుజానికి ఆనించి ఉన్నాడు. గొట్టం జేక్ వైపు. అంటే మా వైపు.

ఇక్కడ వసంతంలో టర్కీని కూతతో పిలిచి రప్పించుకోవాలే తప్ప చప్పుడు విని చాటుగా దగ్గరకి పాకకూడదు, చట్టమే ఒప్పుకోదు. అతనికీ ఆ ముక్క తెలుసు. మొహం పాలిపోయి నాలుగైదుసార్లు సారీ చెప్పాడు. నా వయసే ఉంటుంది, అతనికీ అది మొదటి ఏడే. ఎర్రటి తల ఒక్కటే కనబడిందట, ఇంకేమీ కనబడలేదట. అతను వెళ్ళాక పెద్దాయన ఫ్లాస్కులోంచి కాఫీ వంపుతుంటే సగం నేలపాలైంది. చెయ్యి ఊపి పిలవకూడదనీ, గట్టిగా అరవాలనీ కోర్సులో నేనూ చదివాను, పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబే పెట్టాను. అక్కడ మాత్రం నా చెయ్యి అప్పటికే సగం లేచింది. కదిలే చెయ్యి దూరంనుంచి కదిలే కోడిలాగే ఉంటుందని నాకప్పుడు తట్టలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. బొమ్మ నిజం కోడిలా ఉందా లేదా అని రెండు నెలలు బుర్ర బద్దలుకొట్టుకున్నాను కదా, దాన్ని చూసేది పుంజు ఒక్కటే అనుకున్నాను. సాఫ్ట్‌వేర్లో రోజూ చేసే తప్పే, మనం అనుకున్న యూజర్ తప్ప వేరే యూజర్ ఉండడనుకోవడం. బొమ్మ ఎంత బాగుంటే ఆ రెండో యూజర్‌కి అంత ప్రమాదం. ఇప్పుడు కొందరు తోక ఈకల విసనకర్రని మొహానికి అడ్డం పెట్టుకుని, పుంజు మీదకి పాకుతూ వెళ్ళి కొడుతున్నారు. వీడియోల్లో చూడ్డానికి భలే ఉంటుంది. సొంత పొలంలో ఎలాగోగానీ, పబ్లిక్ భూమిలో ఆ పని చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలబామాలో 2022 సీజన్ నుంచి మొదటి పదిరోజులు అసలు బొమ్మలే వాడకూడదన్నారు. అది మనుషుల కోసం కాదు, తగ్గిపోతున్న కోళ్ళ కోసం. ఏ కారణమైతేనేం, నాకు అభ్యంతరం లేదు. పెద్దాయనకి ఉంది. ఈ విషయం మీద మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం.

మరుసటి ఏడాది జేక్‌ని గరాజ్‌లోనే వదిలేశాం. తల దించిన పెట్ట ఒక్కటే తీసుకెళ్ళాం. చెట్టుకి నారింజరంగు పట్టీ కట్టాం. బొమ్మ పెట్టాక నేనే చుట్టూ తిరిగి, ప్రతి పక్కనుంచీ బొమ్మ వెనకాల ఎవరుంటారో చూసుకుని వచ్చాను. పదిహేను నిమిషాలు పట్టింది, పెద్దాయన విసుక్కోలేదు. పదకొండున్నర దాకా ఏ అలికిడీ లేదు. మా దగ్గర సీజన్ మొదట్లో మధ్యాహ్నం పన్నెండుకల్లా వేట ఆపాలి, నేను మనసులో సామాను సర్దేసుకున్నాను. అప్పుడొచ్చింది, అరవకుండా, మా ఎడమచేతివైపు నుంచి. పెట్ట చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి తోక విప్పింది. పెద్దాయన ఒక్కటే దెబ్బ.

పద్దెనిమిది పౌన్లుంది. రొమ్ము మాంసం ఆయన తీసుకుని కాళ్ళు నాకిచ్చాడు. అమ్మకి ఫోన్ చేసి అడిగితే "నాటుకోడిలాగే వండు, ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ రానీ" అంది. ఎనిమిది రానిచ్చాను. అయినా ఉడకలేదు.